వడ్డీ లెక్క

నేను ముప్పై ఏళ్లకు పైగా లెక్కల టీచరుగా పనిచేశాను. అవనిగడ్డ వైపు కొన్నేళ్లు, గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలో కొన్నేళ్లు. రిటైరై ఇప్పుడు బందరులో ఉంటున్నాను. ఇవాళ ఆకాశవాణిలో మీతో చెప్పాలనుకున్న విషయం నాకు ఒక వడ్డీ లెక్కతో మొదలైంది.

ఎనిమిదో తరగతి. సంక్రాంతి సెలవులై బడి తెరిచిన వారం. బారువడ్డీ చెబుతున్నాను. 40,000 రూపాయలకు ఏడాదికి 12 శాతం చొప్పున 14 నెలలకు వడ్డీ ఎంత అని బోర్డు మీద రాసి ఇటు తిరిగేసరికి, మూడో బెంచీలో కుర్రాడు లేచి నిలబడి “5,600 అండీ” అన్నాడు. కాగితం లేదు, పెన్ను లేదు. ఎలా చేశావురా అంటే, “12 శాతమంటే రూపాయి వడ్డీ కదండీ, నెలకి 400” అన్నాడు. ఒక్క క్షణం ఆగి, “కానీ రూపాయి వడ్డీకి ఎవరూ ఇవ్వరండీ. మూడు రూపాయలు తీసుకుంటారు. అప్పుడు 16,800 అవుద్ది” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు ముచ్చటేసి వాడికి చప్పట్లు కొట్టించాను.

ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది. ఆ 40,000 వాడికి పుస్తకంలో లెక్క కాదు. మార్చిలో వాడు బడికి రావడం మానేశాక, వాళ్ల నాయనమ్మ వచ్చి చెబితే తెలిసింది. సంక్రాంతి మూడు రోజుల్లో వాళ్ల నాన్న ధాన్యం డబ్బు కోడిపందెం బరి దగ్గర పోగొట్టుకొని, పొలం కౌలు కట్టడానికి ప్రోనోటు రాసి సరిగ్గా అంతే అప్పు తెచ్చాడు. రాత్రిళ్లు అరుగు మీద అమ్మా నాన్నా ఆ అంకె మీదే గొడవపడేవారు. నిద్రపోయాడనుకున్న పిల్లవాడు కళ్లు మూసుకుని వింటూ, నెలనెలా అది ఎంతవుతుందో లెక్క వేసుకునేవాడు. నేను మెచ్చుకున్న చురుకుదనం అక్కడ నేర్చుకున్నది.

జూదం ఎవరి కొంప ముంచుతుందో మనకు తెలుసు. కథల్లో విన్నాం, సినిమాల్లో చూశాం, ఇరుగింట్లో చూశాం. అయితే మనం ఎప్పుడూ జూదమాడినవాడి కథే చెప్పుకుంటాం. ఎంత పోగొట్టుకున్నాడు, ఎన్ని ఎకరాలు అమ్మాడు, ఎలా మారాడు, ఎలా మారలేదు. అదే ఇంట్లో పదేళ్ల పిల్ల మంచం మీద పడుకుని ఏం వింటోందో అడగం. నా అనుభవంలో, ఇంట్లో అందరికంటే ముందు సంగతి తెలిసేది ఆ పిల్లకే.

మన కింది డెల్టా సంగతి తీసుకోండి. ఇక్కడ చాలా ఇళ్లకు డబ్బు నెలనెలా రాదు. సార్వా వరి కోసి, నూర్చి, బస్తాలు అమ్మితే వస్తుంది. కోతకు ముందే వరి చేలో చల్లిన మినుములు తర్వాతెప్పుడో చేతికొస్తాయి. ధాన్యం డబ్బు చేతిలో పడే రోజులూ, సంక్రాంతి బరులు తయారయ్యే రోజులూ ఒకటే. ఆ డబ్బులోనే కౌలు ఉంటుంది, ఎరువుల కొట్లో బాకీ ఉంటుంది, పిల్ల ఫీజు ఉంటుంది, ముసలాయన మందులుంటాయి. నెల జీతగాడు ఆడితే ఆ నెల పోతుంది. ఇక్కడ కౌలు రైతు ఆడితే ఏడాది పోతుంది. మళ్లీ బస్తాల మొహం చూసేదాకా ఆ ఇంట్లో పిల్లలు దేనికీ నోరు విప్పరు. బూట్లు చిరిగినా చెప్పరు. విహారయాత్రకు పేరివ్వమంటే, “నాకు బస్సు పడదండీ, వాంతులవుతాయి” అంటారు. ఇంత మంది పిల్లలకు బస్సు ఎందుకు పడదో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు.

కోడిపందెం మన సంప్రదాయం అంటారు. డేగ, కాకి, నెమలి అని పుంజుల రంగులు గుర్తుపట్టడం, కుక్కుట శాస్త్రం చూడడం ఒక విద్య అంటారు. పల్లెటూళ్లో పుట్టిన దాన్ని, నాకూ తెలుసు. కానీ బరి దగ్గర నిజంగా డబ్బు ఎక్కడ పోతుందో వెళ్లినవాళ్లను అడగండి. పుంజు యజమానులు కట్టే పందెం ఒకటి, చుట్టూ నిలబడినవాళ్లు కాసే పై పందేలు ఎన్నో. ఆ పక్కనే టెంట్లలో గుండాట, కోతముక్క జూదాలు. లైట్ల కింద తెల్లవార్లూ. అక్కడికి తండ్రి భుజాల మీద ఎక్కి వచ్చే పిల్లలను నేను చూశాను. గుండాట బల్ల దగ్గర కొడుకు చేతిలో పది రూపాయల కాగితం పెట్టి, ఏ బొమ్మ మీద కాస్తావురా అని మురిపెంగా అడిగే తండ్రిని చూశాను. ఆ బిడ్డకు ఆ పది రూపాయలూ నాన్న ప్రేమే. జూదరుల పిల్లలు మిగతా పిల్లలకంటే ఎక్కువగా జూదంలోకి దిగుతారని 1989లోనే అమెరికాలో డ్యూరండ్ జేకబ్స్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు రాశారు. ఆ బల్ల దగ్గర తండ్రి మొహం, కొడుకు మొహం పక్కపక్కన చూసినవాళ్లకు అందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ కనిపించదు.

ఓడిపోయిన రోజు కంటే గెలిచిన రోజే పిల్లలకు ఎక్కువ చేటు చేస్తుందని నేను అనుకుంటాను. గుడివాడ దగ్గర ఒక బడిలో నా దగ్గర చదివిన అబ్బాయి ఒకసారి కొత్త సైకిలు మీద వచ్చాడు. వాళ్ల నాన్న రాత్రి పదకొండింటికి బిర్యానీ పొట్లాలతో వచ్చి, అందర్నీ నిద్ర లేపి తినిపించి, తెల్లారగానే సైకిలు కొనిపెట్టాడట. అంత సంతోషంగా నాన్నను ఎప్పుడూ చూడలేదని వాడే చెప్పాడు. రెండు వారాలకు సైకిలు లేదు. ఏమైందిరా అంటే రిపేరుకిచ్చాం అన్నాడు. అప్పటి నుంచి వాడు రోజూ ఒక దాని కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాడు. నాన్న ఆట మానేయాలని కాదు. నాన్న మళ్లీ గెలవాలని. దేవుడికి ఆ పిల్లవాడి మొక్కు కూడా అదే. తల్లి ఏడ్చి ఆపబోతే, “ఒక్కసారి ఆడనీయమ్మా” అని కొడుకే అడ్డుపడ్డాడట. తొమ్మిదేళ్ల బిడ్డ.

ఓడిన రోజులు వేరు. అప్పుడు ఇల్లంతా చెవులవుతుంది. టీవీఎస్ బండి చప్పుడు వీధి చివర వినిపించగానే, ఇంజను ఆపిన తీరును బట్టి, స్టాండు వేసిన చప్పుడును బట్టి, చెప్పులు విడిచిన చోటును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో పిల్లలు చెప్పగలరు. పుస్తకం మూసేయాలా, తెరిచి ఉంచాలా, చెల్లెల్ని పెరట్లోకి తీసుకుపోవాలా అన్నీ ఆ చప్పుడును బట్టే. తెల్లారి నా క్లాసులో వాళ్లు నిద్రపోతారు. మేము చెవి మెలేసి లేపుతాం.

ఇక బందరు మాట. మన చిలకలపూడి గిల్టు నగలు దేశమంతటా తెలుసు. ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టిన పనితనం అది. బంగారానికీ గిల్టుకీ తేడా కనిపెట్టలేం. కానీ ఒక ఏడో తరగతి అమ్మాయి కనిపెట్టింది. ఒకరోజు ఇంటర్వెల్‌లో నా మెడలో గొలుసు చూస్తూ, “స్నానం చేసేటప్పుడు తీసేస్తారా టీచర్ గారూ?” అని అడిగింది. తియ్యనమ్మా అన్నాను. “మా అమ్మ ఇదివరకు తీసేది కాదు. ఇప్పుడు తీసి మేకుకు తగిలించి వెళ్తోందండి. నీళ్లు తగిలితే రంగు పోద్దని” అంది. అంతే అంది. నాన్న సంగతి ఎత్తలేదు, అమ్మ సంగతి ఎత్తలేదు. బంగారం తాకట్టులో ఉందని ఆ ఇంట్లో ఎవరూ ఆ పిల్లకు చెప్పలేదు. ఊళ్లోవాళ్లకు తెలియకూడదని తల్లి మెడ నిండా గిల్టు వేసుకుని తిరిగింది. కూతురు మాత్రం మేకుకు వేలాడే గొలుసును చూసి మొత్తం అర్థం చేసుకుంది. తనకు అర్థమైందని అమ్మకు తెలియకుండా జాగ్రత్తపడింది. ఒకే గదిలో ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు అదే రహస్యం దాచుకుంటూ బతికారు.

2001లో ఆస్ట్రేలియాలో ఫిలిప్ డార్బీషైర్ అనే ఆయన, తోటి పరిశోధకులు తల్లిదండ్రుల జూదం వల్ల నలిగిన పిల్లలను కూర్చోబెట్టి అడిగారు. అప్పటిదాకా పెద్దవాళ్లను అడిగేవారే గాని పిల్లలను అడిగినవాళ్లు తక్కువ. ఆ పిల్లల మాటల్లో మొదట వినపడింది డబ్బు కాదు. అమ్మ గానీ నాన్న గానీ ఇంట్లో ఉండీ లేకుండా పోవడం, వాళ్ల మాట మీద నమ్మకం పోవడం. అది చదివినప్పుడు నాకు ఆ మేకుకు వేలాడిన గొలుసే కళ్లముందు కదిలింది. రేపు ఫీజు కడతానని నాలుగుసార్లు చెప్పి కట్టని తండ్రి, ఐదోసారి నిజంగానే కట్టినా పిల్ల నమ్మదు. నేను చెప్పిన మాట కూడా నమ్మదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే కళ్లు దించుకుని వినే పిల్లలు అణకువ గలవాళ్లని అనుకునేదాన్ని. కొందరి అణకువ వెనక ఏముందో తర్వాత తెలిసింది.

పరువు సంగతి ఒకటి చెప్పాలి. భారతంలో ద్యూతసభ మనందరికీ తెలుసు. ధర్మరాజు ఒడ్డినవీ, ఓడినవీ, ద్రౌపదికి జరిగిన అవమానమూ హరికథల్లో, నాటకాల్లో వింటూ పెరిగాం. కానీ చివర ధృతరాష్ట్రుడు వరం కోరుకోమన్నప్పుడు ద్రౌపది మొదట ఏం అడిగిందో ఎంతమందికి గుర్తుంది? ధర్మరాజును దాస్యం నుంచి విడిపించమంది. కారణం కూడా చెప్పింది. నా కొడుకు ప్రతివింధ్యుణ్ణి ఎవరూ దాసుడి కొడుకని పిలవకూడదు అంది. అంత అవమానంలో, అంతమంది మధ్య, ఆ తల్లికి ముందుగా తట్టింది పిల్లవాడి పేరు. మన బళ్లలో ఇలాంటి మాట నేను విన్నాను. “పేకాట నాగ్గాడి కొడుకు”, “క్లబ్బోడి కూతురు” అని పిల్లలు పిల్లలను పిలుస్తారు. ఆ పేరు పెట్టింది పిల్లలు కాదు. పెద్దవాళ్లు అరుగుల మీద అన్నదే వాళ్లు ఆటస్థలంలో అంటారు.

దివిసీమవాళ్లకు నేనేం చెప్పాలి, ఉప్పెన అంటే ఏమిటో వాళ్లకు తెలుసు. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. వేల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చారు. బియ్యం తెచ్చారు, బట్టలు తెచ్చారు, ఇళ్లు కట్టారు, తల్లీదండ్రీ లేని పిల్లలను దగ్గరికి తీసుకున్నారు. ఆ రోజులు చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఉప్పెనలో ఇల్లు పోయినవాడి గుమ్మంలోకి ఊరంతా వస్తుంది. పేకాటలో ఇల్లు పోయినవాడి గుమ్మంలోకి ఎవరూ రారు. తగిన శాస్తి అయిందంటారు. ఆ గుమ్మం లోపల ఉన్న పిల్లలు ఏ ముక్కా వెయ్యలేదు, ఏ పందెమూ కాయలేదు. వాళ్లకు కూడా ఆ శాస్తి ఎందుకు?

ఇప్పుడు ఆట ఫోన్లోకి వచ్చింది. కరోనా రోజుల్లో ఇంటికి ఒక ఫోను. పొద్దున అందులో నా పాఠం, రాత్రి అదే ఫోన్లో నాన్న రమ్మీ. ఇదివరకు నాన్న ఇంట్లో లేకపోతే క్లబ్బులో ఉన్నాడని తెలిసేది. ఇప్పుడు పక్క మంచం మీదే ఉన్నాడు, మొహం మీద వెలుతురు పడుతోంది, పిలిస్తే ఊ అనడు. క్రికెట్టు మ్యాచ్ చూస్తూ నాన్న కేక వేస్తే, అది సిక్సరు కొట్టినందుకో, పందెం పోయినందుకో కొడుకుకు తెలియదు. తల్లులు ఆడే ఇళ్లూ చూశాను. అక్కడ రహస్యం ఇంకా లోతు. తండ్రి ఆడితే తల్లి పిల్లలను ఒళ్లోకి తీసుకుంటుంది. తల్లే ఆడితే పిల్లలకు ఒళ్లు లేదు. ఇక అప్పులిచ్చే యాప్‌లవాళ్లు ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేస్తారు. ఆ నంబర్లలో టీచరు నంబరూ ఉంటుంది. అలాంటి ఫోను ఒకటి నాకూ వచ్చింది. ఆ పిల్లవాడు మర్నాడు నా మొహంలోకి చూడలేకపోయాడు.

చట్టాలు లేవని కాదు. 1974 నుంచి రాష్ట్రంలో జూద నిరోధక చట్టం ఉంది. 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని చెప్పింది. క్లబ్బులూ, తర్వాత ఆన్‌లైన్ కంపెనీలూ ఆ మాటనే పట్టుకున్నాయి. నేర్పుతో పోయినా అదృష్టంతో పోయినా ఫీజు డబ్బు ఫీజు డబ్బే. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కోడిపందేలను గట్టిగా ఆపమని చెప్పింది. 2020 సెప్టెంబరులో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించి, ఆడినవారికి కూడా ఆరు నెలల వరకు జైలు పెట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. నడిపినవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవాడిని అది శిక్షించదు. ఇది నాకు నచ్చింది. చెబితే నాన్నను జైల్లో పెడతారని భయపడే పిల్ల ఎవరికీ చెప్పదు.

2022 సంక్రాంతికి గుడివాడలో కేసినో నడిచిందన్న ఆరోపణ మీద రాష్ట్రమంతా రోజుల తరబడి వాదించుకుంది. నడిచిందని ఒకరు, లేదని ఒకరు. టీవీల్లో అన్నీ విన్నాను. గుడివాడ పిల్లల సంగతేమిటని ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. నేను విన్నంతలో ఎవరూ అడగలేదు.

తండ్రి చెడ్డవాడు కావడం వల్ల ఆడుతున్నాడని పిల్లలు నమ్ముతారు. లేదా తమ మీద ప్రేమ లేక ఆడుతున్నాడని నమ్ముతారు. రెండోది ఎక్కువ బాధ పెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో జూద వ్యసనం కూడా ఉంది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న పట్టికలో మద్యం, మత్తుమందుల వ్యసనాలున్న విభాగంలోనే దాన్నీ చేర్చారు. జబ్బు అంటే తప్పు మాఫీ అని కాదు. నీవల్ల రాలేదమ్మా, నువ్వు మంచి మార్కులు తెస్తే తగ్గేదీ కాదమ్మా అని ఆ పిల్లకు చెప్పడానికి మనకొక మాట దొరికిందని. 14416 అనే నంబరుకు ఎవరైనా, ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. టెలీ మానస్ అంటారు. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు ఆపదలో ఉంటే 1098. వింటున్న పిల్లలెవరైనా ఉంటే ఈ రెండు నంబర్లు నోటు పుస్తకం వెనక అట్ట మీద రాసుకోండి. నేను ఆగుతాను. ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. ఒకటి సున్నా తొమ్మిది ఎనిమిది.

భారతంలోనే ఇంకో కథ ఉంది. అడవిలో ఉన్న ధర్మరాజుకు బృహదశ్వుడు చెప్పిన నలుడి కథ. నన్నయ గారి అరణ్యపర్వంలో ఉంది. హంస రాయబారం అందరికీ గుర్తు. అడవిలో నలుడు చీర సగం కోసుకుని వెళ్లిపోవడం గుర్తు. మధ్యలో ఒక రథం ఉంది, అది ఎవరికీ గుర్తుండదు. నలుడు పుష్కరుడితో పాచికలాడుతున్నాడు. మంత్రులు వచ్చి గుమ్మంలో నిలబడితే మొహం తిప్పి చూడలేదు. దమయంతి చెబితే వినలేదు. ఇక వినడని ఆమెకు తెలిసిపోయింది. అప్పుడామె వార్ష్ణేయుడనే సారథిని పిలిచి, కొడుకు ఇంద్రసేనుణ్ణి, కూతురు ఇంద్రసేనను రథమెక్కించి కుండినపురంలో తన పుట్టింటికి పంపేసింది. రాజ్యం ఇంకా పూర్తిగా పోలేదు. ఆట ఇంకా నడుస్తూనే ఉంది. భర్త మారేదాకా ఆమె ఆగలేదు. భర్తను వదిలి తాను వెళ్లిపోనూ లేదు. పిల్లలను ముందు ఆ పాచికల చప్పుడుకు దూరం చేసింది.

మన ఇళ్లలో ఆ రథం ఏమిటా అని నేను చాలా ఆలోచించాను. మన తల్లులతో నేను చెప్పేవి చిన్న పనులు. తల్లికి వందనం పథకం డబ్బు అమ్మ ఖాతాలోనే పడుతుంది, సరే. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది? నాలుగంకెల నంబరు ఎవరికి తెలుసు? డ్వాక్రా గ్రూపులో మీ పేరు మీద తీసిన అప్పు ఎవరి చేతికి వెళ్లింది? పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే పోస్టాఫీసులో సుకన్య ఖాతా 250 రూపాయలతో తెరవచ్చు. అందులో వేసింది అర్ధరాత్రి పందెం కోసం తీయడం కుదరదు. ఆ కుదరకపోవడమే దాని మేలు. ఫీజు డబ్బు ధాన్యం అమ్మిన రోజే బడిలో కట్టేయండి. అమ్మమ్మలూ, మేనమామలూ, మీరు కూడా వినండి. అల్లుడికి బుద్ధి చెప్పడం తర్వాత చూద్దురుగాని, సంక్రాంతి నాలుగు రోజులు పిల్లలను మీ ఇంటికి తీసుకువెళ్లండి. అడిగి తెలుసుకోవద్దు. అరిసెలు పెట్టండి, నిద్రపోనివ్వండి.

మొన్న గుడివాడ బస్టాండులో ఒకతను వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. గుర్తుపట్టలేదు. “16,800 అండీ” అన్నాడు. అప్పుడు గుర్తొచ్చాడు. ఏడాది బడి మానేసి రొయ్యల షెడ్డులో పనిచేసి, మళ్లీ చేరి, ఐటీఐ చేసి, ఇప్పుడు మోటార్లు బాగుచేసే షాపు నడుపుతున్నాడు. పెళ్లయింది, ఒక పాప. ఆ రోజు చప్పట్లు కొట్టించినందుకు నన్ను క్షమించు నాయనా అన్నాను. “అయ్యో, అదేంటండీ. ఆ ఏడాది నన్ను మెచ్చుకుంది మీరొక్కరేనండీ” అన్నాడు. నాన్న ఎలా ఉన్నాడని అడిగాను. ఆట మానేసి ఆరేళ్లయిందట. ఇంట్లోనే ఉంటాడు, మనవరాలిని ఆడిస్తాడు. సంతోషమయ్యా అన్నాను. కాసేపు బస్సు వచ్చే వైపు చూసి అన్నాడు: “ఆయన బండి వీధి మలుపు తిరిగితే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోద్దండీ. ఇంజను ఎలా ఆపుతాడో వింటాను. ఆ తర్వాతే మళ్లీ స్పానరు పట్టుకుంటాను.”

బస్సు వచ్చింది. నా సంచి తనే పైకి అందించాడు.